నేతి పెత్తనం

ఒకానొక రాజ్యంలో, తనకు తెలియని విషయం ఈ భూమ్మీద లేనే లేదని నమ్మే రాజుగారొకరు ఉండేవారు. రాజ్యం పేరు మణిగిరి. రాజుగారి పేరు ఉద్దండవర్మ. ఆ పేరు పెట్టిన పురోహితుడు ముందుచూపు ఉన్నవాడే అయుండాలి.

ఉద్దండవర్మ చెడ్డవాడు కాడు. ప్రజల్ని పీడించలేదు, ఇచ్చిన మాట తప్పలేదు. కాకపోతే పొద్దున్నే లేచి తన గొప్ప తాను చెప్పుకుంటే గాని ఆయనకు ముద్ద దిగేది కాదు. "పొదచాటున పులి మీసం కదిలినా పట్టేసే కన్ను నాది" అన్నది ఆయన రోజూ పాడే పాట. సభలోవాళ్ళు దానికి రోజూ తాళం వేసేవారు.

ఆ రాజ్యంలో తాతలనాటి ఆచారం ఒకటుంది. పరదేశపు రాయబారులు వచ్చినప్పుడు కోటలో విందు చేస్తారు. అన్నం, పప్పు, కూరలు ఎవరు వడ్డించినా ఫరవాలేదు. నెయ్యి మాత్రం కొలువులో ఒక స్త్రీయే వడ్డించాలి. ఆ కొలువుకు నేతి పెత్తనం అని పేరు.

ఎందుకంటారా? నెయ్యి వడ్డించాలంటే ప్రతి విస్తరి దగ్గరా వంగాలి. వంగితే అతిథి ముఖం జానెడు దూరంలో ఉంటుంది. అతిథి చూపేమో నేతిధార మీద ఉంటుంది. ఎంత గడుసు రాయబారి అయినా ఆ కాసేపు తన ముఖానికి కాపలా పెట్టుకోవడం మరిచిపోతాడు. ఎవరు బెదిరి ఉన్నారు, ఎవరు లోలోపల కుతకుత ఉడుకుతున్నారు, ఎవరికి ఇంటి మీద బెంగ పుట్టింది, అన్నీ ఆమె చూసిపెట్టుకుని మర్నాడు రాజుగారి చెవిన వేస్తుంది. సంధి మాటలు ఆ తరవాతే.

ఉద్దండవర్మ తండ్రిగారి కాలం నుంచీ ఆ పెత్తనం బయ్యమ్మది. ఏభై దాటిన మనిషి. నోట్లో తాంబూలం, మాటలో మొహమాటం లేనితనం, ఈ రెండూ ఆమెను ఎప్పుడూ విడిచి ఉండేవి కావు. నా అన్నవాళ్ళు ఎవరూ లేరు. ఇల్లంటే ఆ కోటే, పేరంటే ఆ పెత్తనమే. అది పోతే బయ్యమ్మకు బయట నిలవడానికి నీడ కూడా లేదు.

ఒకనాడు తూర్పుదేశపు రాయబారులకు విందయింది. మర్నాడు ఉదయం బయ్యమ్మ రాజుగారి దగ్గరకు వెళ్ళి చూసింది చూసినట్టు చెప్పింది.

"పెద్ద రాయబారి నవ్వుతూనే ఉన్నాడు గాని, లోపల భయపడి ఉన్నాడు ప్రభూ. గద్దించి అడిగితే బిగుసుకుపోతాడు. మెల్లగా అడగండి, తానే దిగివస్తాడు."

"ఊఁ" అన్నారు రాజుగారు, కిటికీలోంచి గజశాల వైపు చూస్తూ.

బయ్యమ్మ తలెత్తింది. ఆమె చూపు రాజుగారి ముఖం మీద పడి అక్కడే ఆగిపోయింది.

"ఏమిటా చూపు?" అన్నాడు రాజు.

"ఏం లేదు ప్రభూ. తమరు..."

"చాలు!" అని గర్జించాడు ఉద్దండవర్మ. ఇంత చిన్న మాటకు అంత పెద్ద గర్జన ఎందుకో వాకిట ఉన్న కావలివాళ్ళకు అర్థం కాలేదు. బయ్యమ్మకు మాత్రం అయింది.

ఆ పూటే సభ తీరింది. తెర వెనక రాణివాసం కూర్చుంది, తెరకు ఇవతల స్తంభం పక్కన బయ్యమ్మ నిలబడింది. కొత్తగా వచ్చిన పట్టపుటేనుగును పొగడడంతో సభ మొదలైంది. దాని దంతాలు అలాంటివని ఒకరు, దాని నడక ఇలాంటిదని ఇంకొకరు. పాత ఏనుగు ముసలిదై కన్నుమూసిన రోజునే రాజుగారు ఈ కొత్తదాన్ని రప్పించి ఊరేగించారు. అంతటి ధీరత్వం ఎక్కడా చూడలేదని అందరూ మెచ్చుకున్నారు. రాజుగారు పెద్దగా నవ్వారు. నవ్వి, గొంతు సవరించుకుని, చల్లగా అసలు విషయం బయటపెట్టారు.

"ముఖాలు చదవడం మగవాడి విద్య. వేటలో, యుద్ధంలో మనం చూడనివి ఆడవాళ్ళు చూసేదేముంది? వాళ్ళు పప్పులో ఉప్పు చూసుకుంటే చాలు. నేటితో నేతి పెత్తనం రద్దు చేస్తున్నాం. ఇకమీదట రాయబారుల ముఖాలు స్వయంగా మేమే చూస్తాం. బయ్యమ్మ పున్నమిలోగా కోట విడిచి వెళ్ళవచ్చు."

సభ చప్పట్లు కొట్టింది. తెర వెనక గాజులు గలగలమన్నాయి గాని, ఆ చప్పట్లలో అవి ఎవరికీ వినిపించలేదు.

బయ్యమ్మకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అయితే ఈ ఆజ్ఞ ఎక్కడ పుట్టిందో ఆమెకు తెలుసు. పొద్దుట ఆ కిటికీ దగ్గర పుట్టింది. చూడకూడనిది చూసిన కళ్ళను దూరంగా పంపేయాలనుకున్నాడు రాజు. ఆ సంగతి తెలిశాక ఆమెలో భయం పోయి గడుసుతనం మేలుకుంది. కొంగు నడుముకు దోపుకుని సభ మధ్యకు వచ్చింది.

"పోతాను ప్రభూ. తమ ఆజ్ఞ. కాకపోతే నేతిగిన్నె అప్పగించేముందు ఒక చిన్న పరీక్ష. తమరు గెలిస్తే పున్నమి దాకా కూడా ఆగను, ఈ పూటే కట్టుబట్టలతో పోతాను. నేను గెలిస్తే నా పెత్తనం నాకు ఉండనివ్వండి."

పరీక్ష అంటే రాజుగారికి చక్కెర పొంగలి. "ఏమిటది?" అన్నాడు మీసం దువ్వుతూ.

"ఇప్పుడు ఈ మండపంలో ఒక మనిషి కొండంత దుఃఖం గుండెలో పెట్టుకుని పైకి నవ్వుతూ కూర్చున్నారు. ఎవరో తమరు కనిపెట్టాలి. మధ్యాహ్నపు భేరి మోగేదాకా గడువు. తమ కొలువులో మగవాళ్ళు ఎంతమందైనా సాయం పట్టవచ్చు."

"ఓసి, ఇంతేనా! పులిని పట్టినవాడికి పిల్లి ఒక లెక్కా? అది సరే. చివరకు నువ్వు ఎవరో ఒకరిని చూపించి వీడే అంటే?"

"ఆ మనిషి తన నోటితో ఔననాలి ప్రభూ. కాదంటే నేను ఓడినట్టే."

ముందువరసలో కూర్చున్న మంత్రి నామన ప్రెగ్గడ మంచివాడు. ఆయన ముందుకు వంగి, "తొందరపడ్డావు బయ్యమ్మా. నిండుసభలో నాకు ఏడుపొస్తోందని ఎవరు ఒప్పుకుంటారు?" అన్నాడు.

"నా భయమూ అదే మంత్రిగారూ. అందుకని ప్రభువులు రెండు మాటలు ఇప్పించాలి. ఆ మనిషి ఎవరైనా సరే, దుఃఖం బయటపడినందుకు ఈ సభలో ఎవరూ నవ్వకూడదు, చులకన చేయకూడదు. రెండోది, అడిగినప్పుడు వాళ్ళు నిజమే చెప్పాలి."

రాజుగారి ఛాతీ ఉబ్బింది. సింహాసనం మీద నుంచి లేచి చెయ్యెత్తాడు.

"అభయమిచ్చాం! నవ్వినవాడి పళ్ళు రాలగొట్టిస్తాం. ఇక నిజమంటావా? మా సభలో నిజం దాచినవాడు ఎంతటివాడైనా సరే, తాను కూర్చున్న ఆసనానికి తగడు! ఇది మా మాట!"

"మహాప్రసాదం" అని బయ్యమ్మ చేతులు జోడించింది. తెర వెనక ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు.

వేట మొదలైంది. రాజుగారు సింహాసనం దిగి వరస వెంబడి నడిచారు. తీరా చూస్తే చిక్కు అక్కడే ఉంది. ఆయన ఎవరి ముందు ఆగితే వాళ్ళ ముఖం ఆ క్షణంలోనే మారిపోతోంది. అప్పటిదాకా ఆవలిస్తున్నవాడు భక్తిగా చూస్తున్నాడు, నెమ్మదిగా ఉన్నవాడికి చెమటలు పడుతున్నాయి. పొదలో పులి రాజుగారిని చూసి ముఖం మార్చుకోదు కాబట్టి ఆయన వేటవిద్య ఇక్కడ ఎందుకూ కొరగాలేదు.

దండనాయకుడు భైరవుడి దగ్గరకు వచ్చేసరికి రాజుగారి కళ్ళు మెరిశాయి. భైరవుడి కళ్ళనిండా నీళ్ళు, దవడ బిగిసి ఉంది.

"దొరికాడు! భైరవా, దాచకు. ఎవరు పోయారు?"

"దవడపన్ను ప్రభూ. పోలేదు. పోనంటోంది, అదే బాధ."

అభయం ఉంది గనక సభలో ఎవరూ నవ్వలేదు. నవ్వు దిగమింగడంతో పదిమందికి పొలమారింది.

రాజుగారు ముందుకు నడిచారు. కోశాధికారి పోచన మూలగా కూర్చుని ఉన్నాడు. పెదవులు కిందికి వేలాడుతున్నాయి, కళ్ళు లోపలికి పోయాయి. చూస్తే ఇప్పుడే శ్మశానం నుంచి వచ్చినవాడిలా ఉన్నాడు.

"పోచనా, నీ గుండెలో ఉన్నది కక్కెయ్యి. నీకు అభయం ఉంది."

"నాకేం దుఃఖం ప్రభూ? నాది పుట్టుముఖం. పెళ్ళిపీటల మీద కూడా ఇలాగే ఉన్నాను. మా మామగారు చూసి, పిల్లవాడికి ఇష్టం లేదేమోనని పెళ్ళి ఆపబోయారు."

ఇక మిగతావాళ్ళు సాయానికి దిగారు. దుఃఖం నామన ప్రెగ్గడదేనని దండనాయకుడు, దండనాయకుడిదేనని నామన ప్రెగ్గడ. ఒక కవిగారు లేచి, అంతలా నవ్వుతున్నాడంటే పక్కవాడిదే అన్నాడు. ఆ పక్కవాడు కూడా కవే. ఎవరికి ఎవరి మీద కడుపుమంట ఉందో అదంతా ఆ పూట బయటపడింది గాని, దుఃఖం మాత్రం దొరకలేదు.

భేరి మోగింది.

"లేరు!" అన్నాడు రాజు, చెమట తుడుచుకుని సింహాసనం మీద కూలబడుతూ. "ఈ సభలో అలాంటి మనిషే లేరు. బయ్యమ్మ బొంకింది."

"ఒక్క మనవి ప్రభూ" అంది బయ్యమ్మ. "నా మాట నమ్మకండి. మంత్రిగారిని తెర వెనక్కు పంపండి. అక్కడున్న ఆడవాళ్ళను ఒక్కొక్కరినే పక్కకు పిలిచి, చెవిలో పేరు అడిగి రమ్మనండి. సభ తీరినప్పటి నుంచి నేను ఇక్కడే ఉన్నాను, వాళ్ళలో ఎవరితోనూ మాట్లాడలేదు."

నామన ప్రెగ్గడ తెర వెనక్కు వెళ్ళాడు. మొదట హుషారుగా అడుగుతున్న గొంతు వినిపించింది. కాసేపటికి ఆ గొంతు తగ్గింది. ఇంకాసేపటికి అసలు వినిపించలేదు. తిరిగివచ్చేసరికి ఆయన ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"ఏమన్నారు?" అన్నాడు రాజు.

"అందరూ... ఒకే పేరు చెప్పారు ప్రభూ. విసనకర్ర వీచే పిల్ల నుంచి మహారాణి గారి దాకా."

"ఎవరి పేరు?"

"నా నోటితో చెప్పలేను ప్రభూ. ఉద్యోగం చేసుకుని బతుకుతున్నవాణ్ణి."

రాజు బయ్యమ్మ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు."

బయ్యమ్మ రెండడుగులు ముందుకు వేసింది. "తమరు అందరి ముందూ ఆగారు, అందరి ముఖాలూ చూశారు ప్రభూ. తమరు చూడనిది ఒక్కటే ముఖం మిగిలింది. చూసుకోవడానికి ఇక్కడ అద్దం లేదు."

రాజుగారి ముఖం ఎర్రబడింది. తరవాత తెల్లబడింది. ఆ తరవాత ఆయన పెద్దగా నవ్వబోయాడు.

"మాకా? మాకు దుఃఖమా? పాతది పోయిన రోజునే కొత్త ఏనుగును ఊరేగించిన మాకా?"

"నిన్న ఆ కొత్త ఏనుగు ఘీంకరించింది ప్రభూ. సభంతా హర్షధ్వానాలు చేసింది. తమ పెదవులు నవ్వాయి, కళ్ళు నవ్వలేదు. కనుబొమలు రెండూ మధ్యలో పైకి లేచి దిగాయి. గుటక మింగారు. ఇవాళ పొద్దుట కిటికీలోంచి గజశాల వైపు చూస్తున్నప్పుడూ అంతే. నేను చూశానని తమరికి తెలిసిపోయింది. అందుకే కదా నన్ను పొమ్మన్నారు?"

ఇక బయ్యమ్మ చేతిలో ఏమీ లేదు. రాజు ఒక్క మాట, "కాదు" అంటే చాలు. ఆమె కోట, ఆమె కొలువు, ముసలితనంలో తలదాచుకునే చోటు, అన్నీ ఆ ఒక్క మాటతో పోతాయి. ఆమె రాజుగారి ముఖం మీంచి చూపు తిప్పకుండా నిలబడింది.

రాజు నోరు తెరిచాడు. "కా..." అన్నంతవరకు వచ్చింది. అప్పుడు ఆయన చూపు తన కింద ఉన్న సింహాసనం మీద పడింది. నిజం దాచినవాడు తాను కూర్చున్న ఆసనానికి తగడని తానే కదా చెయ్యెత్తి చెప్పాడు! ఉద్దండవర్మకు వెయ్యి గొప్పలు ఉండవచ్చు గాని మాట తప్పడం ఆయన వంశంలో లేదు.

ఆయన మెల్లగా లేచి, సింహాసనం మెట్టు మీద కూర్చున్నాడు.

"దాన్ని గున్నా అని పిలిచేవాణ్ణి" అన్నాడు. ఆ గొంతు ఎవరూ ఎప్పుడూ విననిది. "మీరందరూ విజయమంగళం అనేవారు. నాకది గున్నే. దాని కాలు పట్టుకుని నడక నేర్చాను. పొద్దున్నే దానికి బెల్లం పెట్టనిదే నేను ఏమీ తినేవాణ్ణి కాను. రాజన్నవాడు ఒక జంతువు కోసం ఏడిస్తే లోకం ఏమంటుందని..."

అంతే. కన్నీళ్ళు మీసాల మీదుగా జారాయి. సభలో ఎవరూ నవ్వలేదు. దవడపన్ను నొప్పి మరిచిపోయి భైరవుడు కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

రాజు తలెత్తాడు. "నా చుట్టూ ఇంతమంది మగవాళ్ళు ఉన్నారు. పొద్దస్తమానం నా ముఖమే చూస్తూ ఉంటారు. ఒక్కరికైనా తెలియలేదే?"

"చూస్తారు ప్రభూ" అంది బయ్యమ్మ. "కోపంగా ఉన్నారా, దయగా ఉన్నారా అని చూస్తారు. తమ ముఖంలో తమకేం దొరుకుతుందా అని వెతుకుతారు. తమరికి ఏమైందా అని చూడరు."

నామన ప్రెగ్గడ సర్దబోయాడు. "ఆడవాళ్ళకు అది పుట్టుకతో వస్తుంది బయ్యమ్మా. మాకు ఆ కళ్ళు ఇవ్వలేదు దేవుడు."

"దేవుడి మీదకు తోయకండి మంత్రిగారూ. చంటిబిడ్డకు మాట రాదు, అందుకని ముఖం చూడాలి. అత్తగారికి మాట బాగా వచ్చు, అయినా ముఖమే చూడాలి. చూడకపోతే మాకు గడవదు, అందుకని నేర్చుకున్నాం. మీకు చూడకపోయినా గడిచిపోయింది. మగవాళ్ళలో ఒక్కరు మాత్రం ప్రభువుల దుఃఖం కనిపెట్టారు. మావటి. ఏనుగుకూ మాట రాదు కదా."

అప్పుడు రాజుకు ఒక సంగతి తట్టింది. ముందు పెదవి కదిలింది, తరవాత భుజాలు కదిలాయి, చివరకు పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. ఒకపక్క కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి.

"ఓసి గడుసుదానా! ఎవడికో అభయం ఇస్తున్నాననుకుని నాకు నేనే ఇచ్చుకున్నానా? నన్ను పట్టడానికి నా మాటతోనే ఉచ్చు పన్నావా?"

"తమ మాట కంటే గట్టి తాడు ఈ రాజ్యంలో ఎక్కడ దొరుకుతుంది ప్రభూ?"

అప్పుడు సభంతా నవ్వింది. నవ్వకూడదన్న ఆజ్ఞ రాజుగారే ముందు తప్పారు కాబట్టి ఎవరి పళ్ళూ రాలలేదు.

నేతి పెత్తనం ఎప్పటిలాగే బయ్యమ్మదేనని రాజుగారు అక్కడికక్కడే చాటించారు. తన భుజం మీది జరీ శాలువా తీసి ఆమెకు కప్పారు. ఇకమీదట స్తంభం పక్కన నిలబడడం కాదు, సభలో మంత్రి పక్కనే ఆసనం అన్నారు. మంత్రి సంతోషంగా పక్కకు జరిగాడు.

"ఇంకేమైనా కోరుకో" అన్నారు రాజుగారు.

"ఈ పూటకు సభ చాలించండి ప్రభూ. తెర వెనక అందరూ ఒకే పేరు చెప్పారు గాని, అందరి ముఖాలూ ఒక్కలా ఉండవు. ఒకసారి తమరే వెళ్ళి చూడాలి."

ఉద్దండవర్మకు కొత్త విద్య వచ్చిన ఉత్సాహం కదా! వెంటనే లేచి తెర తొలగించి లోపలికి వెళ్ళాడు. మహారాణి మల్లాంబ అటు తిరిగి కూర్చుని ఉంది. ఆయన చుట్టూ తిరిగి వెళ్ళి ఆమె ఎదుట నిలబడ్డాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్య ముఖాన్ని అంత శ్రద్ధగా చూడడం అదే మొదలు.

"దేవీ, నీ ముఖంలో... కోపంలాంటిదేదో కనిపిస్తోంది. నా మీదేనా?"

"అమ్మయ్య, కనిపించిందన్నమాట!" అంది మల్లాంబ. "గున్న పోయిన రోజు నుంచీ నా దగ్గర కూడా ఆ నవ్వే తగిలించుకుని కూర్చున్నారు. సభకు దాచారు, సరే. నేనూ సభనేనా?"

రాజుగారు ఆమెను మళ్ళీ పరీక్షగా చూశారు. ఆమె కళ్ళలో నీళ్ళున్నాయి, మూతి ముడుచుకుని ఉంది, చెయ్యి మాత్రం ఆయన ఉత్తరీయం కొసను పట్టుకుని ఉంది. ఈ మూడింటికీ లెక్క ఆయనకు కుదరలేదు. తెర సందులోంచి తల బయట పెట్టాడు.

"బయ్యమ్మా! ఒక్కసారి ఇటు రా. ఇది కోపమా, అలకా?"

బయ్యమ్మ కదలలేదు. కొత్త శాలువా సర్దుకుని, దవడన ఉన్న తాంబూలం ఇటు నుంచి అటు మార్చుకుంది.

"ఆ ఒక్కటీ నన్నడక్కండి ప్రభూ. నేనొచ్చి చెప్పానంటే, కోపమైతే అలక, అలకైతే కోపం కూడా తోడవుతుంది."

రాజుగారి నవ్వు మండపం దాటి వీధి దాకా వినిపించింది. మెడలోని ముత్యాలహారం తీసి తెర మీదుగా బయ్యమ్మకు విసిరి, ఆ సంగతేదో తానే తేల్చుకోవడానికి తల లోపలికి తీసుకున్నాడు.